పై గదికి పోయిన ఒకటి

చాయ్ కూడా ముందు నదీంకే అందించాడు చూడు దుకాణానికి వచ్చిన మహాదేవప్ప సేటు, ఆ దుకాణం పెట్టినవాడు పక్కనే నిలబడి ఉండగా, ఏం నదీం సాబ్, ఇయ్యాల నా ఇంట్ల నెట్ నడిపి చూపియ్యి, మంచిగుంటె మా కాలనీ మొత్తం నీ చేతుల పెడ్త అంటూ, నీ చేతుల అట, బస్టాండు ఎదుట ఈ నెట్ దుకాణం తెరిచింది జగదీశ్, చిరాగ్‌పల్లి దాకా స్తంభం స్తంభం ఎక్కి తీగ లాగింది జగదీశ్, అక్కడ యాదమ్మ ఇంటికి మొదటి కనెక్షన్ ఇచ్చిన రోజు ఆవిడ సర్వపిండి పెట్టి, జగదీశన్నా, నా మనవరాలు తెర మీద కనవడ్డదే అని ఏడ్చింది, వాటాదారుగా నదీం చేరాక ఎవరు ఫోన్ చేసినా జర నదీం భాయ్‌కియ్యే అంటారు, కలుపుకున్న నాటి నుంచి తగ్గుతూ వస్తున్నది తనే, వ్యాపారంలో ఇదెక్కడి లెక్క.

కీబోర్డు మీద నదీం వేళ్లు పరుగెడుతున్నాయి, ఆ వేళ్లన్నా మంటే, ప్రతి ఇంటికీ నెట్‌లో ఒక అడ్రసుండాలి, ఆ అడ్రసు ఒక మహా పెద్ద సంఖ్య, ఈ పాత మెషీన్‌లో ఒక్క గదిలో పట్టదు, అందుకని ఎనిమిది గదులు చేశాడు, గదికి పదహారు బిట్లు, అంటే సున్నానో ఒకటో పట్టే పదహారు స్థానాలు, కొత్త ఇల్లు రాగానే ఒకటిని ఎనిమిది స్థానాలు ఎడమకు జరిపి నాలుగో గదిలో కలుపుతాడు, గదిలో పట్టనిదాన్ని మాస్క్ పెట్టి కోసేస్తాడు, కలిపినంక ముందటి కన్న చిన్నగైతే గది పొంగినట్టు భాయ్, ఆ పొంగిన ఒకటిని పై గదిల వెయ్యాలె అని చేరిన కొత్తలో చెప్పాడు, జగదీశ్‌కి అప్పుడే ఎక్కింది, అయినా ఎక్కనట్టే ఉన్నాడు, ఎక్కిందంటే వీడికి శిష్యుడైనట్టే కదా.

తెర మీద సేటు ఇంటి అడ్రసు పడింది, నాలుగో గదిలో సున్నా, పై గదిలో పాత అంకే, జగదీశ్ గుండె గంతేసింది, ఇది యాదమ్మ ఇంటి అడ్రసు, తన చేత్తో కొట్టి ఇచ్చిన మొట్టమొదటి అడ్రసు, మర్చిపోతాడా, ఇళ్లు పెరిగి గది నిండింది, మొన్న ప్రోగ్రాం తిరగరాసినప్పుడు వీడు కోసేశాడు గానీ కోసినదాన్ని పైన వేయడం మరిచాడు, ఇప్పుడు ఆన్ చేస్తే ఇద్దరి నెట్టూ కొట్టుకుంటుంది, సేటు ముందే, చూడాలి అప్పుడు నదీం సాబ్ మొహం, కాలనీ పోతుంది, పోనీ, ఊరు మళ్లీ జగదీశన్నా అంటుంది, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఇంకేంది, ఆన్ చెయ్యరాదూ అన్నాడు సేటు, ఆగుండ్రి సేట్, భాయ్ చూడకుంట నేను ఏదీ నడపను, నాకు అంకెలే కనవడ్తయి, భాయ్‌కి ఇండ్లు కనవడ్తయి, అని నదీం కుర్చీ ఖాళీ చేశాడు, చూడుండ్రి భాయ్ అన్నాడు, ఇట్లాంటి మాటలు కూడా వీడికే తడతాయి అని ముందు జగదీశ్‌కి ఒళ్లు మండింది, కూర్చున్న కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది, ఇది యాదమ్మ ఇల్లు గదరా, కోసిన ఒకటి ఏడ పెట్టినవ్, అనేసింది నోరు తనను అడగకుండానే, అరె, పై గది మర్చిపోయిన భాయ్, ఇజ్జత్ కాపాడిండ్రు అని నదీం తల కొట్టుకుని ఒక వరుస చేర్చాడు, నెట్ వచ్చిందని సేటుకు ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, కాలనీ మీదే పోండ్రి అంటూ సేటు తట్టింది మాత్రం మళ్లీ నదీం భుజమే, సలుపు ఎక్కడికీ పోలేదు, తెర వైపు తిరిగాడు, నాలుగో గదిలో సున్నా సున్నాగానే ఉంది, ఆ ఒక్క గదే చూస్తే అంతా పోయినట్టే, పై గదిలో ఒకటి పెరిగింది, చిరాగ్‌పల్లి దాటి ఝరాసంగం, రాయికోడ్ ఊళ్లు, ఇప్పుడు సేటు కాలనీ, ఒంటరిగా స్తంభాలెక్కిన రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి, కలిపాక తగ్గిన తను ఎటు పోయాడో ఇప్పుడు కనిపించింది, ఇన్నాళ్లూ తన గది ఒక్కటే తెరిచి చూసుకున్నాడు.