దారం లేని కాయ

నిరుడు మా సీడ్ పత్తి చేనును కంపెనీ వాళ్లు పనికిరాదని కొట్టేశారు. నేరం మా అత్త జోగులమ్మ కళ్ల మీద పడింది.

మా మల్దకల్ వైపు కంపెనీకి విత్తనం పండించే ఈ సీడ్ పత్తి అంటే పూర్తిగా చేతిపని. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ రోజు సాయంత్రమే గిల్లి, అందులో పుప్పొడి భాగం తీసేయాలి. పొద్దున మగచెట్టు పువ్వు తెచ్చి దానికి రాసి, తొడిమకు ఎర్ర దారం కట్టాలి. కంట పడకుండా తప్పిపోయిన మొగ్గ తనంతట తానే కాయ అవుతుంది. దానికి దారం ఉండదు, అది కలిస్తే విత్తనం కల్తీ. అలాంటివి నిరుడు మా చేలో పద్దెనిమిది దొరికాయి.

"ముసలామెకు కండ్లు ఆనుతలేవు. వచ్చే ఏడు చేన్ల దింపకుండ్రి" అని తనిఖీకి వచ్చిన బాలరాజు సారు తేల్చేశాడు. పాతికేళ్లు మొగ్గ గిల్లిన మనిషి ఇంటికి నడిచింది.

ఆ పద్దెనిమిదీ నా సాళ్లలోవే. ఒక చేతిలో మొగ్గ, ఇంకో చేతిలో ఫోను. ఒక వీడియో అయ్యేలోపు మూడు చెట్లు దాటిపోయేదాన్ని. నాకు తెలుసు. సిగ్గుతో చచ్చాను గానీ నోరు పెగల్లేదు.

ఈ ఏడు మొదటి మొగ్గ పట్టకముందే ఫోనులోంచి నలభై మూడు యాప్‌లు పీకేశాను, కలుపు తీసినట్టు. మాట్లాడుకోవడానికి ఫోను, వాన కబురు, అంతే మిగిలాయి. ఫోను సద్దిసంచిలో గట్టు మీద ఉంటుంది. అన్నానికి కూర్చున్నప్పుడొకసారి, ఇంటికొచ్చాక ఒకసారి చూస్తాను. మొదటి వారం చేతులు ఊరికే సంచి వైపు పోయేవి, నన్ను నేనే తిట్టుకున్నాను. తర్వాత ఆకుల చాటున మొగ్గలు కనబడసాగాయి. అత్తను బతిమాలి పక్క సాలులో దింపాను.

మొన్న బాలరాజు సారు వస్తూనే ముఖం చిట్లించాడు.

"ఉమారాణమ్మా, రోజు పని ఫొటోలు కంపెనీ యాప్‌ల పెట్టమంటిమి కదా. మీవి ఒక్కటి లేవు. పైంగ పెద్దామెను దింపినవ్. గిట్లయితే చేను పాస్ చెయ్య."

"యాప్ తీసేసిన సార్. చేను ఈడనే ఉన్నది కదా, సాలు సాలు తిరిగి చూడుండ్రి. దారం లేని కాయ ఒక్కటి దొరికినా కొట్టెయ్యుండ్రి."

ఒక్క మాటతో ఏడాది కష్టం ఆయన చేతిలో పెట్టేశాను.

ఆయన కొమ్మలు వంచి వంచి చూశాడు. అత్త సాళ్లయితే రెండుసార్లు తిరిగాడు. చొక్కా తడిసింది గానీ కాయ దొరకలేదు. చివరికి గట్టు మీద కూలబడి, "పెద్దమ్మ కండ్లకు ఆపరేషన్ చేపిచ్చిండ్రా?" అన్నాడు.

నవ్వాల్సిన మాటకు నాకు ఏడుపొచ్చింది.

"ఆమె కండ్లకు ఎన్నడు ఏం కాలే సార్. నిరుడు ఆ పద్దెనిమిది నావి. ఫోన్ చూసుకుంట నేనే ఇడిసిపెట్టిన. అత్త మీద పడుతుంటే ఊకున్న."

పక్క సాలులో దారం కడుతున్న అత్త చేతిలో ముడి సగంలో ఆగింది.

"గా ముచ్చట నిరుడే చెప్తే ఏం పోయేది? ఏడాది సంది నా కొడుకు నన్ను సూదిల దారం సుత ఎక్కియ్యనియ్యలే."

సారు పుస్తకం తీసి చేను పాసని రాశాడు. అత్త ముడి బిగించి లేచింది. "ఇగ నీ సాళ్లు గూడ నేనే చూస్త" అంది.

ఆ రోజు నుంచి రోజూ నా వెనకాలే వచ్చి ప్రతి కొమ్మా వంచి చూస్తోంది. చూడనీ. ఆ కళ్లను మించిన కళ్లు ఈ మండలంలోనే లేవు.