పళ్ళెరములో గడిగిన చేయి

శిశిరము గడచి వసంతము కాలూనిన దినములవి. అట్లాంటికు మహాసముద్రమునుండి వీచు లవణార్ద్రశీతలానిలము ప్రాతకోటయొక్క జీర్ణశిలాప్రాకారములను దాకి వెనుదిరిగి వీధులలో జొరబడుచుండగా మధ్యాహ్నప్రార్థనమును ముగించుకొని మసీదునుండి వెడలిన ధవళవసనధారులగు పురజనులు తమతమ గృహములవంకకు వడివడిగా నడచుచుండగా ప్రతిగృహద్వారమునుండియు ఆవిరిపై నుడుకు గోధుమరవ్వయొక్కయు గుమ్మడికాయయొక్కయు వెన్నయొక్కయు కమ్మనివాసన వెలువడి ఆకలి లేనివానికిని ఆకలి పుట్టించుచుండగా మొరాకోదేశమందలి అల్ జదీదా యను రేవుపట్టణము శుక్రవారభోజనమునకు సన్నద్ధమై యుండెను.

ఆ కోటగోడ ప్రక్కను నాలుగు బల్లలు మాత్రము గల యొక చిన్న భోజనశాల కలదు. అది యొక కుటుంబమువారిది. లల్లా రహ్మా యను డెబ్బదియేండ్ల వృద్ధురాలు వండును. లల్లా యనగా మన యమ్మగారు వంటి మాట. ఆమె కుమారుడగు ఇద్రీసు వడ్డించును. కోడలగు సుఆదు కూరలు దరిగి పాత్రలు దోమును. సుఆదునకు ఇద్దఱు కూతులు. ఆ పిల్లలు బల్లలక్రింద దాగురుమూతలాడుదురు. తక్కిన దినములలో బదిరకముల వంటకములు దొరకునుగాని శుక్రవారమునాడు ఒక్కటే వంటకము, కుస్కుసు. గోధుమరవ్వను నీట దడిపి ఆవిరిపై ముమ్మాఱుడికించి ప్రతిమాఱు నరచేతులతో నలిపి గడ్డ లేకుండ విడదీసి మాంసమును ఏడుతెఱగుల కూరలును బైన బేర్చి చేయు నా పదార్థమునకై లల్లా రహ్మా తెల్లవాఱకమునుపే లేచి మధ్యాహ్నముదాక నడుము వాల్పదు.

ఆనాడచ్చటికి విచ్చేసిన యతిథి కలిదిండి వరహాలరాజుగారు. ఈయన కాకినాడలో నొక యెరువుల కర్మాగారమున రసాయనపరీక్షకాధికారి. ఎరువులకై ఆ రేవున నోడ కెక్కు నామ్లమును బరీక్షించుటకై పదిదినముల పనిమీద వచ్చినవాడు. విస్తరి వేయుట మొదలు తాంబూల మిచ్చుటదాక మర్యాద యన్నది తమ యింట బుట్టి తక్కినవారి యిండ్లకు అరువు పోయినదని ఆయన దృఢవిశ్వాసము. పెండ్లివిందులలో వడ్డనవాడు నేతిగిన్నె నెడమవైపునుండి తెచ్చెనా, వాని పని సరి! ఆయన యాస్యమునుండి వెలువడు వాగ్ధార తూర్పుగోదావరిజిల్లా పొలిమేర దాటుదాక నాగదు. చుట్టములందఱు ఆయనను మర్యాదరాజుగా రని చాటున బిలుతురు. ఆ సంగతి ఆయన యెఱుగును, లోలోన సంతోషించును.

ఆయనను దోడితెచ్చినవాడు గనిశెట్టి దుర్గాప్రసాదు. ఇతడదే కర్మాగారపు టుద్యోగి, ముప్పదియేండ్లవాడు, మూడేండ్లనుండి ఆ రేవునందే యుండి ఆ దేశభాషను గొట్టినపిండి గావించికొన్నవాడు. వంట చేతగాక ఆ భోజనశాలనే నమ్ముకొన్నవాడగుటచే లల్లా రహ్మా కతడు కడుపున బుట్టని కొడుకు. మా దేశపు పెద్దమనిషిని దీసికొనివత్తునని యతడు చెప్పగా ఆమె శుక్రవారమే తీసికొనిరమ్మని పట్టుబట్టెను. శుక్రవారమునాడు అతిథిచేత డబ్బు పుచ్చుకొనుట ఆ యింట లేదు.

ఇద్రీసు తలుపు చేరవైచి అతిథులకు జేతులమీద నీరు వోసి తువ్వాలునందించి ఇరువదిమందికి జాలునట్టి మట్టిపళ్ళెరమును దెచ్చి బల్లనడుమ నుంచి తానును గూర్చుండెను. వరహాలరాజు చుట్టును గలయజూచెను. కంచములు గానరాలేదు.

“ఏవయ్యా ప్రసాదూ, అందరూ ఒకే పళ్ళెంలో చెయ్యెట్టడవేంటి? ఎంగిలి కాదూ?”

“ఇక్కడ ఎంగిలి పట్టింపు లేదండి. మన ముందున్నదే మనం తినాలండి. పక్కోళ్ళ వైపు చెయ్యి పోకూడదండి. అదొక్కటీ చూసుకోండి చాలు.”

“ఆయ్, మర్యాద నువ్వు నాకు నేర్పుతావేంటయ్యా!”

ప్రసాదు నవ్వెను. చెప్పవలసినది మఱియొకటి కలదు. అతిథులు దిని లేచినపిదప అదే పళ్ళెరముచుట్టు ఇంటి యాడువారును బిల్లలును గూర్చుండి మిగిలినదానిని భుజింతురు. అదియే వారి శుక్రవారపువిందు, వారికి వేఱు వంట లేదు. ఆ మాట చెప్పవలసి వచ్చునని ప్రసాదు కలలోనైన ననుకొనలేదు. తనకు మూడేండ్లుగా నలవాటైనదానిని లోకమంతయు నెఱుగునని యనుకొనుట మనకందఱకును గల జబ్బే కదా!

భోజనము సాగెను. చెంచా యిచ్చినను వరహాలరాజు పుచ్చుకొనక చేతితోడనే కలిపి తినెను. మొదటిముద్దకు కనుబొమలెత్తెను, రెండవముద్దకు తల యూచెను, మూడవముద్దనుండి పలుకుట మానెను. వెన్నవలె విడిపోవు మాంసమును, తియ్యనిగుమ్మడిముక్కను, నోట గఱగిపోవు ముల్లంగిని ఇద్రీసు తన వ్రేళ్ళకొసలతో విడదీసి ఆయన ముందునకు ద్రోయుచుండెను. చివర జల్లనిమజ్జిగ తెచ్చి పెట్టగా ఆయన ప్రాణము లేచివచ్చెను. అంతట నోరు దెఱపి పడెను. తమ తాతగారి కాలమున వాకిట నిలిచిన పరదేశికి బంగారుపూలపళ్ళెమున నన్నము వెట్టిన కథను, అతిథి మర్యాద యెఱిగినవారు భూమండలమున దమ కులమువారే యను సిద్ధాంతమును సవిస్తరముగా వినిపింపగా ప్రసాదు సగము మ్రింగి సగము తర్జుమా చేసెను. ఇద్రీసు శ్రద్ధగా వినెను. అతడు నాలుగుముద్దలకన్న నెక్కువ తినలేదు. పళ్ళెరమున మూడువంతులు మిగిలియే యుండెను.

అతిథి చాలునని పొట్టపై జేయి వైచుకొనగా ఇద్రీసు చేతులు గడిగించుటకై నీటిపాత్రను, కడిగిన నీరు పట్టు గిన్నెను దెచ్చుటకు లోపలికి బోయెను. వంట బాగున్నదని యవ్వతో జెప్పివచ్చెదనని ప్రసాదు వంటయింటి తెరదాక నడచెను. వరహాలరాజు బల్లకడ నొంటిగా నుండెను.

చదువరులారా, ఏబదియైదేండ్ల యలవాటు అడిగి రాదు. తమ యింట దిన్న కంచములోనే చేయి గడిగికొనుట ఆయనకు ఉగ్గుపాలనాటి విద్య. కంచము తనది, మిగిలినది ఎంగిలి, ఎంగిలి కుడితితొట్టిపాలు. అందు గడుగుకొన్న నేమి? కావున ఆయన యెడమచేత మంచినీళ్ళకూజాను బుచ్చుకొని కుడిచేతిని బళ్ళెరముపై జాపి వ్రేలు వ్రేలును దీఱికగా రుద్ది కడిగి తడివ్రేళ్ళతో మీసములను దుడుచుకొని ఆ నీటినిగూడ బళ్ళెరముననే విదిలించి సంతృప్తితో ద్రేన్చెను. లల్లా రహ్మా తెల్లవాఱకమునుపు లేచి ముమ్మాఱు నలిపిన రవ్వ పసుపుపచ్చనినీట దేలియాడెను.

అప్పుడే వంటయింటి తెర తొలగెను. ముందు సుఆదు వచ్చెను. ఆమె చేతిలో నైదు చెంచాలుండెను. వెనుక నాకలితో బెదవులు నాకుకొనుచు బిల్లలిద్దఱు వచ్చిరి. వారి వెనుక కొంగుతో జెమట నద్దుకొనుచు లల్లా రహ్మా వచ్చెను. నీటిపాత్రతో వచ్చిన ఇద్రీసు వాకిటనే నిలిచిపోయెను.

వరహాలరాజు చెంచాలను జూచెను. పళ్ళెరమును జూచెను. తన తడిచేతిని జూచెను. ఈ లెక్క తేలుటకు రసాయనశాస్త్రము అక్కఱలేకపోయెను. ఆయనకు దల కొట్టివేసినట్లయ్యెను. చెవులు గాగెను. చిన్నపిల్ల పళ్ళెరములోనికి దొంగిచూచి యేమో యడుగబోగా తల్లి దాని నోరు మూసెను.

ప్రసాదు ఒక్క యడుగులో వచ్చి ఆ భాషలో గబగబ నేదో పలికెను. పలికి రాజువంక దిరిగి మెల్లగా ననెను:

“సర్దేశానండి. మా దేశంలో పెద్దోళ్ళు పళ్ళెంలో చెయ్యి కడిగితే ఆ ఇంటికి దీవెన అని చెప్పానండి. మీరు కొంచెం నవ్వండి. నవ్వేసి దీవించినట్టు చెయ్యెత్తండి, ఐపోద్ది.”

అబద్ధ మాడినవాడు ప్రసాదు. అయినను అచ్చట నా యబద్ధమును ద్రుంచుట కొకక్షణము వరహాలరాజునకు జిక్కెను. ఆ క్షణమున ఆయనకు దోచినది ధర్మము గాదు, పరువు. ఏబదియైదేండ్లు దాచుకొన్న పరువు పరదేశమున నీటిపాలగునే యను భయము. ఆయన నవ్వెను. నవ్వి, అయ్యో, ఇంకను నీరు గాఱుచున్న యా చేతినే యెత్తి పిల్లలిద్దఱి తలలపై దీవించెను. చిన్నదాని జుట్టుపై రెండుబొట్లు పడెను. అది సిగ్గుతో నవ్వెను.

ఇద్రీసు తల్లివంక జూచెను. లల్లా రహ్మా యతిథికి దల వంచి భగవన్నామమును స్మరించి కూర్చుండెను. తక్కినవారును గూర్చుండిరి. ఆమె యెవ్వరికిని గనబడనంత మెల్లగా బళ్ళెరమును ద్రిప్పెను. పొడిగా నున్నవైపు పిల్లలముందునకు బోయెను. నీరు నిలిచినవైపు ఆమె ముందునకు వచ్చెను. ఆమె చెంచాను ముంచి యా తడిరవ్వను నోట నుంచుకొనెను. ముఖమున నొక్క ముడుతయైన గదలలేదు. రెండవచెంచా ముంచెను.

వరహాలరాజు ఆ చెంచానే చూచుచుండెను. తన మీసము దుడిచిన నీరు, తన దంతముల దాకిన వ్రేళ్ళు గడిగిన నీరు, తల్లివయసుగల స్త్రీ నోటిలోనికి బోవుచున్నది. పిల్లలు దీవెన దొరకెనని మురియుచు దినుచున్నారు. తాను ప్రక్కను నిలిచి నవ్వుచున్నాడు! కక్కలేడు, మ్రింగలేడు. మూడవచెంచా లేచెను.

“ఆవిణ్ణి ఆపవయ్యా!” అని యఱచెను. “అది దీవెన కాదని చెప్పు. ఎంగిలిచెయ్యి కడిగిన నీళ్ళని చెప్పు.”

“చెప్తే నా పరువు కూడా పోద్దండి. ఐపోయింది కదండి, వదిలెయ్యండి.”

“నీ పరువు నా పాపంతో పోనివ్వనయ్యా. అబద్ధం కూడా నాదేనని చెప్పు. నవ్వింది నేను, చెయ్యెత్తింది నేను. చెప్పు, నీకు దణ్ణం పెడతాను.”

ప్రసాదు తల వంచుకొని చెప్పెను. సుఆదు చెంచా దించెను. ఇద్రీసు గోడవంక జూచెను. లల్లా రహ్మా మాత్రము చెంచాను బల్లపై నుంచి పెదవులు దుడుచుకొని వరహాలరాజు కన్నులలోనికి జూచుచు నిదానముగా బలికెను. ప్రసాదు తెనిగించెను.

“నాయనా, నేను డెబ్బదియేండ్లదానను. చేయి గడిగిన నీరు ఏ దేశమునందైన జేయి గడిగిన నీరే యని నాకు దెలియదా? ఈ బిడ్డ నోరు దెఱచినప్పుడే యది బొంకని యెఱిగితిని. నా యింటి కతిథియై వచ్చినవాడు నా గుమ్మము దాటునప్పుడు తల వంచుకొని పోరాదని తింటిని. నాలుగు చెంచాలలో నీ సిగ్గును నేను మ్రింగివేయుదు ననుకొంటిని. నీవు సాగనీయవైతివి. ఇక దానిని నీవే మోసికొనిపోవలయును.”

ఆమె పలుకులలో గోపము లేదు. కోపమున్నచో బ్రదికిపోవుదునే యని వరహాలరాజనుకొనెను. ఆయన సుఆదు చేతినుండి చెంచా నడిగి పుచ్చుకొని వృద్ధురాలి ప్రక్కను గూర్చుండి పళ్ళెరమున నీరు నిలిచినవైపును దనముందునకు ద్రిప్పుకొని తినసాగెను. ఎవ్వరును వారింపలేదు. అతిథిని ఒంటిగా దినుమనుట ఆ యింట లేదు గావున కొంతసేపటికి లల్లా రహ్మా తన చెంచానుగూడ నావైపుననే ముంచెను. వలదని యాయన చేయి యడ్డముంచబోయి మఱల దీసికొనెను. ఇరువురును దలయెత్తక తడిరవ్వ యయిపోవుదాక దినిరి.

వరహాలరాజు కాకినాడకు మఱలివచ్చి రెండేండ్లయ్యెను. చుట్టములు గూడినప్పుడెల్ల మొరాకోకథ చెప్పుమని వేడుదురు. ఆయన చెప్పును. పదిమంది తినవలసిన పళ్ళెరమున దాను చేయి గడిగిన ఘట్టము చెప్పుసరికి అందఱును బొట్ట చెక్కలగునట్లు నవ్వుదురు, ఆయనయు నవ్వును. వృద్ధురాలు తినిన మాట చెప్పునప్పుడు నవ్వులాగి యందఱును ఔరా యందురు. తెలియక చేసిన తప్పును జెప్పుకొన్నకొలది భారము దగ్గును. తెలిసి చేసినదాని భారము తగ్గించు మాట యే భాషయందును లేదు. చేయి యెత్తి పిల్లలను దీవించితినన్న మాటను ఆయన కట్టుకొన్న భార్యకుగూడ నింతవఱకు జెప్పలేదు.