మూడో కొయ్య కప్ప

నేను ఒక కొయ్య కప్పను. కొర్రమేనుకు వేసే గాలానికి ఎరగా పుట్టాను. పుట్టిన పొద్దున ఆకాశం మబ్బు పట్టి ఉంది. చినుకు రాలదు, ఎండ రాదు. నూనె పూసిన కొయ్యకు అంతకన్నా పగవాడు లేడు.

నన్ను చేసిన గవిరేసు లక్కబొమ్మల పనివాడు. బొంగరమైతే కళ్లు మూసుకుని చేస్తాడు. నీళ్లలోకి దిగే వస్తువు మాత్రం ఎన్నడూ చేయలేదు. బావమరిది పోలినాయుడి కోసం పూనుకున్నాడు. పోలినాయుడు మళ్లలో కప్పల్ని పట్టి, వాటితో చేపలు పట్టేవాడు. కిందటేడు మోకాలు విరిగింది. ఇక గట్టున కూర్చుని విసరడానికి తేలే కప్ప కావాలి. లేకపోతే గాలం చూరులో చెక్కేయడమే.

నాకు ముందు చేసిన నా అన్నలిద్దరూ మునిగిపోయారు. రెండోవాడు మునిగిన రోజు పోలినాయుడు నలుగురి ముందూ అనేశాడు.

“ఇది కప్ప కాదు బావా, నీల్లకుండ. నువ్వు బొమ్మలే సేసుకో.”

అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఆ కోపమంతా గవిరేసు నా వీపు మీద చూపించాడు. ఉప్పుకాగితంతో రుద్దాడు. తడిగుడ్డ వేస్తే పీచు లేచింది. ఆరాక మళ్లీ రుద్దాడు. అవిసె నూనె పట్టించాడు. ఆ మబ్బుకు నాలుగు రోజులైనా జిగట పోలేదు. ఆరిందా అని వేలు పెట్టి చూశాడు, ముద్ర పడింది. ఆ ముద్ర పోవడానికి మళ్లీ మొదటికి వచ్చాడు. మనుషులు ఆరనివ్వరు, ఆరలేదని తిడతారు. చివరికి మొగలి ఆకుతో మెరుగు పెట్టాడు. ఈగ వాలితే జారేంత నునుపు తేలాను.

రంగు వేసే ముందు, తేలతానో లేదోనని నీళ్ల తొట్టిలో వేశాడు. మధ్యాహ్నానికి ఒక పక్కకు ఒరిగాను.

పొయ్యిలోకి విసరబోతుంటే అతని భార్య ఎర్రయ్యమ్మ చేయి పట్టుకుంది. పోలినాయుడికి అక్క ఆమె.

“కొక్కేనికి కన్నం ఎప్పుడు తొలిసినావు?”

“నూనె ఆరినాకే. బొమ్మకైనా అంతే గదా.”

“బొమ్మ కన్నంలో పుల్ల కొడతావు. ఇదేమో నోరు తెరుసుకుని నీల్లలో కూకుంటాది. లోపల నూనె ఎవుడు పూస్తాడు?”

ఒళ్లంతా అద్దం చేసినవాడు బియ్యపుగింజంత కన్నాన్ని మరిచాడు. ఎర్రయ్యమ్మే నన్ను పొయ్యిగట్టున ఆరబెట్టి, కోడి ఈకతో ఆ కన్నం లోపల మూడుసార్లు నూనె పట్టించింది. ఆపైన ఆకుపచ్చ రంగు పడింది. అన్నాళ్ల రుద్దుడూ దాని కింద పోయింది.

పోలినాయుడు నన్ను తీసుకుని మాటాడకుండా చెరువుకు వెళ్లాడు. ఎన్నో విసురుకో గాని తామరాకుల పక్క నీరు భళ్లుమంది. అంత నునుపూ ఒక్క కాటుకు సరి. వీపున నాలుగు పంటిగాట్లు పడ్డాయి. అయినా తేలుతూనే ఉన్నాను.

పొద్దుగూకక ముందే ముగ్గురూ పళ్లేల ముందు కూర్చున్నారు. నేను గుంజకు వేలాడుతున్నాను. రుద్దుడు మాట గాని, కన్నం మాట గాని ఎవరైనా ఎత్తుతారేమోనని చూశాను. ఎవరూ ఎత్తలేదు. పోలినాయుడు కొర్రమేను కూరలో పెద్ద ముక్క తీసి బావ పళ్లెంలో వేశాడు. గవిరేసు దాన్ని రెండు చేసి, సగం ఎర్రయ్యమ్మ వైపు జరిపాడు. ముగ్గురూ తలలు వంచుకుని ముళ్లు ఏరుకుంటూ తిన్నారు.