పూలముఖం మోసిన పలక

నేను ఒక చెక్కపలకను. పైన్ చెక్క, చుట్టూ వేలెడెత్తు అంచు, ఒంటినిండా మేకులు. కొత్తవాళ్ళెవరైనా నన్ను చూస్తే పొయ్యిలోకి కూడా పనికిరానని తీసిపారేస్తారు. అయినా ఏడాదికి ఒక్క వారం మా ఊరంతా నా ముందు టోపీ తీసి నిలబడుతుంది.

మా ఊరు ఇంగ్లండు నడిబొడ్డున, డార్బీషైర్ అనే కౌంటీలో ఉంది. కౌంటీ అంటే మీ జిల్లా లాంటిదే. కొండలు, రాతిగోడలు, గొర్రెలు, వాటి మధ్య ఎడతెగని వాన. ఇక్కడి మనుషులు పుట్టినప్పటి నుంచి వానలో తడుస్తూనే ఉన్నా, చినుకు పడిన ప్రతిసారీ ‘అయ్యో, వాన!’ అని ఆశ్చర్యపోతారు. అంత చలిదేశపు చెక్కకు తెలుగెలా వచ్చిందని మీకు సందేహం వచ్చే ఉంటుంది. వస్తున్నా, ఆ సంగతికే వస్తున్నా.

నా కాపురం చర్చి వెనక షెడ్డులో. ఊరి పండుగల సామానంతా అక్కడే ఉంటుంది కాబట్టి ఏడాది ఎలా తిరుగుతుందో నాకు తలుపు చప్పుడుతోనే తెలుస్తుంది. చలి ఇంకా పోకముందే పెనాల కోసం తలుపు తీస్తారు. మీరు అట్లతద్దికి అట్లు తింటే, వీళ్ళు తమ అట్ల పండుగ రోజున అట్లు ఎగరేస్తూ వీధుల వెంట పరుగు పందెం పెట్టుకుంటారు. మే నెలలో రంగు రిబ్బన్లు కట్టిన స్తంభం బయటికి పోతుంది, దాని చుట్టూ పిల్లలు కోలాటం వేసి చిక్కులు పెట్టి తెస్తారు. ఎండాకాలం చివర గొర్రెలను తోలే కాపరి కుక్కల పందేలు. ఆకులు రాలాక పెద్ద మంట వేసి, గడ్డి బొమ్మను మీ నరకాసురుణ్ణి కాల్చినట్టే కాలుస్తారు. క్రిస్మస్‌కు లాంతర్లు పట్టుకుని గొంతులు బొంగురుపోయేదాకా పాడతారు. ఏ పండుగకైనా ముందు నెల రోజులు పోట్లాడుకుంటారు, తర్వాత నెల రోజులు తామే గొప్పగా చేశామని చెప్పుకుంటారు.

నా పండుగ మాత్రం నడివేసవిలో వస్తుంది. ఎప్పుడో కరువొచ్చి చుట్టుపక్కల బావులన్నీ ఎండిపోతే మా ఊరి ఊటబావి ఒక్కటే ఎండలేదట. ఆ నీటికి దండం పెట్టుకోవడానికి ఏటా బావిని పూలబొమ్మలతో సింగారిస్తారు. ఆ బొమ్మలను మోసేది మా పలకలు. అందులో నడిమి పలకను నేను. నా మీదే బొమ్మ ముఖం వస్తుంది.

నన్ను చేసినవాడు అంబ్రోజ్ అనే వడ్రంగి. పాత చర్చి నేలచెక్కను చిత్రిక పట్టి, తన కూతురు హేజెల్‌ను పక్కన కూర్చోబెట్టుకుని నన్ను బిగించాడు. మేకులు ఆ పిల్లే కొట్టింది, సగం వంకరగా. పండుగకు ముందు మమ్మల్ని ఊరి పక్క ఏట్లో నానబెడతారు. పొడిచెక్క అయితే మట్టిలోని తడి తాగేస్తుంది, మట్టి పగిలి పూలు రాలిపోతాయి. తర్వాత ఉప్పు కలిపిన బంకమట్టిని ఊరివాళ్ళు కాళ్ళతో తొక్కి మా మీద మెత్తుతారు. అది జారకుండా మేకులు పట్టుకుంటాయి. దాని మీద గీత గీసి, పూరేకులు ఒక్కొక్కటే అద్దుతారు. అద్దడం కింది నుంచి పైకి, ఇంటికప్పు మీద పెంకులు పేర్చినట్టు. అలా అయితే వాన పడినా నీరు జారిపోతుంది కానీ రేకుల్లోకి దిగదు.

అంబ్రోజ్ పోయాడు. హేజెల్ పెద్దదైంది, ముసలిదైంది. పడుచుదనం నుంచి ప్రతి ఏడూ ముఖం అద్దింది ఆమే. ఎన్ని ముఖాలు మోశానో! రాణులు, రుషులు, గొర్రెలు కాచే పిల్లలు. అందరూ నా మీద వారం రోజులు బతికారు. వారం కాగానే పండుగ కమిటీ పెద్ద క్లైవ్ పార తెచ్చి ఆ ముఖాన్ని బర్రున గీకి ఎరువు గుంటలో వేసేవాడు. క్లైవ్ చెడ్డవాడు కాడు. పని పూర్తయితే చాలు, అందులో మనసుకు చోటెందుకు అనుకునే రకం. ఆ పార చప్పుడు వినలేక హేజెల్ ఆ గంటసేపు ఏటి ఒడ్డుకు పోయి కూర్చునేది.

ఒక వేసవిలో ఆమె మట్టి మీద చెయ్యి పెట్టి, నాకు తప్ప ఎవరికీ వినబడకుండా చెప్పింది. “నా కళ్ళు పోతున్నాయి. అంచులు కనిపిస్తాయి, నడిమధ్యది కనబడదు. ఎదురుగా మనిషొస్తే టోపీ, చెవులూ ఉంటాయి, ముఖం ఉండదు. ఇదే నా చివరి ముఖం. దీన్ని కూడా పారతో గీకేస్తారు కదా!”

చెప్పుకున్నది పలకతో. నేనేం చెయ్యగలను? నాకు చేతులుంటే ఆ పారను ఏట్లో పారేసేదాన్ని.

ఆ ఏడే మా దగ్గరికి వినోద వచ్చింది. జగిత్యాల పిల్ల. భర్త శ్రీహరికి మా కొండల్లోని సున్నపురాయి క్వారీలో ఇంజనీరు ఉద్యోగం, ఆమెకు పక్క టౌనులో మందుల షాపులో పని. మేము ఏట్లో నానుతుండగా ఇద్దరూ వంతెన మీద ఆగారు.

“ఏమయ్యా, గీ చెక్కలను నిమజ్జనం జేస్తున్నరా ఏంది?” అంది వినోద.

“చెక్కలనెవరన్న నిమజ్జనం జేస్తరానే? వీటికి పూలు పెడ్తరంట. మా క్వారీల చెప్పిన్రు.”

“పూలా?” ఆమె గొంతు మారిపోయింది. “బతుకమ్మను పేర్చక రెండేండ్లాయె. నేను వోత.”

మర్నాడే వచ్చి హేజెల్ పక్కన కూర్చుంది. “రా, డక్” అంది హేజెల్. మా వైపు ముద్దొస్తే మనిషిని బాతూ అని పిలుస్తారు. వినోద ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత ఫక్కున నవ్వింది. చెయ్యి పనిలో పడగానే ఆమె తనలో తాను తెలుగులో మాట్లాడుకునేది. అమ్మతో, చెల్లెతో, చేతిలోని రేకుతో, చివరికి నాతో. నాకు తెలుగు వచ్చింది అట్లా.

ఆమెకు కింది నుంచి పైకి పేర్చడం నేర్పాల్సిన పని లేకపోయింది. హేజెల్ వేళ్ళతో తడిమి, “ఎవరు నేర్పారు?” అని అడిగింది. “మా అమ్మ. మా దిక్కు కూడ పూలను కింది నుంచే పేరుస్తరమ్మా” అంది వినోద. ఆ ఏటి బొమ్మ కుండతో నీళ్ళు మోసే అమ్మాయి. హేజెల్ చుబుకం దగ్గర మొదలుపెట్టి తెల్ల హైడ్రాంజియా రేకులతో పైకి వచ్చింది. చెంప దగ్గర పసుపు రేకు తీసుకుని తెల్లదనుకుని అద్దబోయింది. వినోద ఆ చేతిని మెల్లగా పట్టుకుని తెల్లరేకు అందించింది. ఆ తర్వాత వినోద రంగులు ఏరి ఇవ్వడం, హేజెల్ వేళ్ళతో అద్దడం. చూపున్న రోజుల్లో కూడా హేజెల్ అంత చక్కని ముఖం అద్దలేదని నేను ప్రమాణం చేసి చెబుతాను.

వారం గడిచింది. పండుగ డేరాలు విప్పుతున్నారు. క్లైవ్ పక్క పలకలను గీకుతూ నా దాకా వస్తున్నాడు. పార చప్పుడు మొదలవగానే హేజెల్ ఎప్పటిలాగే ఏటి ఒడ్డుకు వెళ్ళిపోయింది. వినోద మాత్రం నన్ను రెండు చేతులతో ఎత్తుకుంది. “దీన్ని ఏటికి తీస్కపోతున్న” అంది. గీకిన పలకలను ఏట్లో కడగడం మామూలే, అందుకని క్లైవ్ తల ఎత్తకుండానే సరేనన్నాడు. ఆమె మనసులో ఉన్నది వేరు. పూలు పేర్చి మొక్కాక చివరికి నీళ్ళలో సాగనంపాలి, అది లోకమంతటా ఉన్న పద్ధతే అనుకుంది పాపం! పక్క పలకలను గీకినా ముఖాన్ని నీళ్ళకే ఇస్తారని ఆమె లెక్క, కాదని చెప్పిందెవరు?

మోకాలి లోతు నీళ్ళలోకి దిగి నన్ను మెల్లగా ఆనించింది. చిన్నగా పాట అందుకుంది. ఒడ్డు మీది హేజెల్ తల తిప్పింది.

“ఎవరూ? డక్, నువ్వేనా? ఏం చేస్తున్నావు?”

“సాగనంపుతున్న అమ్మా. మా తానైతే గిట్లనే జేస్తం. పోయి రా తల్లీ, మళ్ళ ఏడు రా అని చెప్తం.”

హేజెల్ లేచి నిలబడింది. తర్వాత నీళ్ళ అంచు దాకా వచ్చి, “నాకు కనబడదు. ఏం జరుగుతోందో చెప్పు” అంది.

ఊళ్ళో ఒక మనిషితో ఆ మాట అనడం ఆమెకు అదే మొదలు. వినోద చెప్పింది. మట్టి కరుగుతోందని, జుట్టు ముందు పోయిందని, ఇప్పుడు నుదురు లేస్తోందని, కళ్ళు రెండూ పక్కపక్కనే తేలిపోతున్నాయని. చివరగా అద్దినవి ముందు పోయాయి. మొదట అద్దిన చుబుకం చివరిదాకా నా మీదే ఉంది. అదీ లేచింది. హేజెల్ ఏడ్చింది, కానీ పార చప్పుడుకు ఏడ్చినట్టు కాదు. నాకు కూడా ఏడుపొచ్చింది.

అప్పుడే పానకంలో పుడకలా ఒక తిరకాసు వచ్చిపడింది. మట్టి బరువు తీరగానే నేను తేలికైపోయి వినోద చేతిలోంచి జారుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఏటి మలుపు దాటుతుంటే నాకు భలే సరదాగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఊరు దాటింది లేదు మరి.

ఆ తర్వాత జరిగింది నా ముందే పదిసార్లు చెప్పుకోగా విన్నాను. క్లైవ్ పరుగున వచ్చాడట. “అది అంబ్రోజ్ చేసిన పలక! ఊరి పలకను ఏట్లో వదిలేస్తావా?” అని వినోద మీద కేకలేశాడట. ఊళ్ళో నలుగురూ చేరారు. తనను ఇక దగ్గరికి రానివ్వరని వినోదకు భయం.

“అంబ్రోజ్ మా నాన్న” అందట హేజెల్. “ఆ పలక సంగతి నేను మాట్లాడాలి. క్లైవ్, ఇన్నేళ్ళుగా నా ముఖాలన్నిటినీ గీకావు. ఒక్కదానికైనా వెళ్ళి రా అన్నావా?”

“మట్టికి వెళ్ళి రా అని ఎవరంటారు, హేజెల్?”

“ఈ పిల్ల అంది. నా కళ్ళు పోయాయి, క్లైవ్. అది నా చివరి ముఖం. దాన్ని పార కింద పడనివ్వలేదు ఈ పిల్ల.”

క్లైవ్ పార కింద పెట్టేశాడట. టోపీ తీసి చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాడట. మనుషులకు మాట దొరకనప్పుడు టోపీ దొరకడం అదృష్టం.

నేను దిగువన ఆల్డర్ చెట్టు వేళ్ళలో చిక్కుకుని ఉండిపోయాను. కుక్కల పందేల రోజున ఒక కుక్క గొర్రెలను వదిలేసి నా దగ్గరికొచ్చి మొరిగింది. పాపం, దానికి బహుమతి పోయింది. కాపరి నా వంకర మేకులు చూసి ఇది హేజెల్ చెక్కేనని గుర్తుపట్టాడు. ఒక మూల విరిగితే ఇత్తడి పట్టీ వేసి బాగుచేసింది ఎవరనుకున్నారు? క్లైవే. ఎవరూ అడగకుండానే అదే మూలన ఒక బెజ్జం కూడా వేశాడు.

మరుసటి వేసవిలో ముఖం వినోద అద్దింది. హేజెల్ పక్కన కూర్చుని రేకుల అంచులు వేళ్ళతో తడిమి, “ఇక్కడ వాన దిగుతుంది, తీసి మళ్ళీ పెట్టు” అని కసిరింది. వినోద తీసి మళ్ళీ పెట్టింది. వారం కాగానే ఊరంతా నన్ను ఏటికి మోసుకుపోయింది. క్లైవ్ ఆ బెజ్జంలోంచి తాడు దూర్చి ముడివేశాడు. “ముఖం పోతే పోనీ, పలక మాత్రం పోకూడదు” అన్నాడు.

ఇప్పుడు ఏటా అంతే. ఇప్పుడు హేజెల్ కళ్ళకు నేను అంచుల్లో కూడా సరిగా ఆనను. రేకులు లేస్తుంటే ఏది ఎటు పోతోందో వినోద ఆమె చెవిలో చెబుతుంది. తాడు కొస మాత్రం హేజెల్ ఎవరికీ ఇవ్వదు. మట్టి దిగి ఒళ్ళు తేలికవగానే ఏరు నన్ను రమ్మంటుంది. నేను తాడును కొంచెం లాగుతాను. ఒడ్డు మీంచి ఆమె కూడా కొంచెం లాగుతుంది.