కోచ్ గారి సన్నమాట

తెల్లవారుజామున అయిదింటికి గోపీనాథ్ లేచి, టీ పెట్టుకుని, గ్రౌండ్ వైపు కిటికీ తెరిచాడు. నిన్నటి మాటలు వచ్చే వేళయింది.

గ్రౌండ్ పక్కనే పాత క్వారీ గుంట ఉంది. నాపరాయి తీసినన్నాళ్ళు తీసి, అడుగున నీళ్ళు పడ్డాక కాంట్రాక్టరు దాన్ని వదిలేసి పోయాడు. ఆ గుంట ఒడ్డున ఏం మాట్లాడినా మర్నాడు తెల్లవారుజామున అదే మాట, అదే గొంతుతో పైకి వస్తుంది. ఊళ్ళో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. మాచర్లకు రైలు ఉన్నట్టు ఈ ఊరికి గుంట ఉంది, అంతే. ఒకసారి గట్టు తగాదాలో ఎవరు ముందు తిట్టారో తేలకపోతే ఎస్సై గారు పొద్దున్నే ఒడ్డున కుర్చీ వేయించుకుని, విని, రాసుకుని పోయాడు. అందుకే తమ పార్టీ మాటలూ గుట్టుమాటలూ గుంట దగ్గర ఎవరూ ఎత్తరు. వాటికి వీరయ్య మిరపకల్లం ఉంది, అక్కడికి అరమైలు.

ఇది గట్టిమాటల సంగతి. సన్నగా గొణిగిన మాట అలా కాదు. అది అడుక్కంటా పోతుంది. తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది, ఎన్నేళ్ళో, ఏ పూటో ఎవరూ చెప్పలేరు. టీకొట్టు కోటమ్మ కొత్తకోడలుగా వచ్చిన నెలలో గుంట ఒడ్డున నిలబడి అత్తగారిని ఏదో అనుకుంది. పదకొండేళ్ళకు ఆ మాట పైకి వచ్చింది. అప్పటికి అత్త పోయింది, ఆమె పెట్టిన కొట్టునే కోటమ్మ నడుపుతోంది. ఆ రోజు కొట్టు మూసేసి కూర్చుని ఏడ్చింది.

గోపీనాథ్ టీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. గుంట ఒడ్డున కోటమ్మ కొట్టు దగ్గర చేరేవాళ్ళలో ముందుగా వచ్చేది ఎప్పుడూ వీరయ్య గొంతే.

"గెలిచాం, కాదన్లా. కానీ అదేం గెలుపురా? స్కోరు పన్నెండు పన్నెండు. నిమిషం కూడా లేదు. పెనాల్టీ వచ్చింది. తన్నితే మూడు పాయింట్లు. చేతిలో ముద్ద నోట్లో పెట్టుకోకుండా, కాదు పరిగెత్తండి అంటాడా కోచ్?"

"పరిగెత్తారు, అయిదు వచ్చినయ్ గదా బాబాయ్," ఇది లారీల ఏడుకొండలు.

"రాకపోతే?"

"వచ్చినయ్ గదా అంటన్నా!"

"వచ్చినయ్ కాబట్టి నువ్వు మాట్లాడతన్నావ్. రాకపోతే నువ్వే కోచ్ చొక్కా పట్టుకునేవాడివి."

చాంద్ బాషా నవ్వు వినిపించింది. అతనిది వెల్డింగ్ షాపు, గ్రౌండ్‌లో గోలు స్తంభాలు అతనే చేసి పాతాడు. "అసలు ముందుకు పోవాలంటే బంతి వెనక్కి ఇయ్యాలనే ఆట మన ఊళ్ళో ఆడించాడు చూడండి, అది గొప్ప. మనోళ్ళు గట్టు మీద మట్టే వెనక్కి ఇయ్యరు."

ఆదివారం కర్నూలులో ఊరి ఆడపిల్లలు రాష్ట్ర రగ్బీ చాంపియన్‌షిప్ గెలిచారు. వీరయ్య మనవరాలు ధరణి కెప్టెన్. ఆఖరి నిమిషంలో ఏడుకొండలు కూతురు అర్చన వెనక్కి విసిరితే అందుకుని గీత దాటింది ధరణి. ఊళ్ళో వీరయ్యది ఒక వర్గం, ఏడుకొండలుది రెండోది. ఎలక్షన్లప్పుడు ఈ వీధి వాళ్ళు ఆ వీధి బోరింగు నీళ్ళు కూడా పట్టుకోరు. బంతి మాత్రం ఆరేళ్ళుగా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి పోతూనే ఉంది.

గుంటలోంచి మాటలు ఇంకా వస్తున్నాయి. ఇప్పుడు వాదన కోచ్ మీదికి మళ్ళింది.

"ఆయనకేదో ఆశ ఉంది," అంటున్నాడు ఏడుకొండలు. "చాలీచాలని కాంట్రాక్టు జీతానికి ఆరేళ్ళు ఊరికే ఉంటాడా ఎవడన్నా? నలభై మంది పిల్లలు. తల్లీ తండ్రీ కలిస్తే ఎనభై ఓట్లు."

"సర్పంచికి నిలబడతాడంటావా?"

"సర్పంచి కాదు, జడ్పీటీసీ. మనిషి నిదానం చూడు. నిదానంగా ఉండేవోళ్ళే పెద్ద కుర్చీకి ఎసరు పెడతారు."

"ఆయనకు ఓటే ఇక్కడ లేదు గదన్నా," అన్నాడు చాంద్ బాషా.

"రాయించుకుంటాడు. ఎంతసేపు?"

గోపీనాథ్ గట్టిగా నవ్వాడు. గదిలో ఆ నవ్వు వినేవాళ్ళు ఎవరూ లేరు. పల్నాటిలో నలుగురిని ఒకచోట కూర్చోబెట్టినవాడు ఎలక్షన్ కోసమే కూర్చోబెట్టాడనుకోవడం మామూలే. అతనికి ఆ సంగతి అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది.

అతను పుట్టింది ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో. నాన్న గ్యాంగ్‌మన్. అక్కడి తెలుగువాళ్ళ వీధిలో పెరిగి, కలకత్తాలో రగ్బీ నేర్చాడు. తల్లి పోయిన నెలకు ఇక్కడి హైస్కూల్లో కాంట్రాక్టు పీఈటీగా ఉద్యోగం వచ్చింది. ఉండడానికి గ్రౌండ్ మూలన ఈ గది ఇచ్చారు. ఊళ్ళో అందరూ అతన్ని కోచ్ గారూ అంటారు. టీకొట్టు దగ్గరికి వెళితే లేచి బల్ల మీద చోటిస్తారు. టీ డబ్బులు ఇవ్వనివ్వరు. తర్వాత అందరూ మాట్లాడడం ఆపేస్తారు. అతను గ్లాసు కిందపెట్టి పది అడుగులు వేశాక మళ్ళీ మొదలవుతుంది. ఆ వాదనలో అతనికి చోటు లేదు, మర్నాడు కిటికీ దగ్గర వినడమే.

అదయినా భరించవచ్చు. ఈ వైపు కరెంటు రీడింగు తీసేవాణ్ణి కూడా భోజనంవేళ అయితే "అన్నం తిని పో" అంటారు. చీరలమ్మేవాణ్ణి అంటారు. ఓట్లడగడానికి వచ్చిన శత్రువుని కూడా అంటారు. ఆరేళ్ళలో ఆ మాట అతనితో ఎవరూ అనలేదు. ఒకసారి ధరణి సర్టిఫికెట్ ఇవ్వడానికి మిట్టమధ్యాహ్నం వీరయ్య ఇంటికి వెళ్ళాడు. లోపల గోంగూర పచ్చడికి తాలింపు వేస్తున్న వాసన. వీరయ్య భార్య శాంతమ్మ చెంబుతో నీళ్ళిచ్చి, గుమ్మం పట్టుకుని, ఏదో చెప్పబోయి ఆగిపోయింది. ఎండలో గదికి వచ్చి పొద్దుటి అన్నంలో మజ్జిగ పోసుకున్నాడు. ఆ రోజు అతనికి చాలా కష్టంగా అనిపించింది. తనలో ఏం లోపముందో చెప్పేవాళ్ళు కూడా లేరు.

కిందటి వారం కలకత్తా నుంచి ఉత్తరం వచ్చింది. జాతీయ జూనియర్ల క్యాంపులో అసిస్టెంట్ కోచ్. ఆట నేర్చిన ప్రతివాడూ కలగనే కుర్చీ. అక్కడ మాత్రం తెలిసినవాళ్ళు ఎవరున్నారు? అయినా ఎక్కడైనా ఒంటరివాడే అయినప్పుడు పెద్ద గ్రౌండ్‌లో ఉండడమే మేలు కదా అనుకున్నాడు. రేపు పొద్దున ఆరింటి నరసరావుపేట బస్సుకు పోదామని సూట్‌కేసు సర్దుకున్నాడు.

ఆ సాయంత్రం గుంట ఒడ్డునే సన్మానం. వీరయ్య వర్గం ఒక శాలువా కప్పితే ఏడుకొండలు వర్గం ఒక శాలువా కప్పింది. ఆ వర్గం రెండోది తెస్తే ఈ వర్గం మూడోది తెచ్చింది. మార్చి ఎండకు ఉడికిపోతూ ఆరు శాలువాల్లో నిలబడ్డాడు గోపీనాథ్. ఆడపిల్లలు నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

వీరయ్య మైకు పుచ్చుకున్నాడు. "కోచ్ గారూ, దాపరికం ఎందుకు. గుంట విన్నా పర్లేదు. మీ ఆశ ఏందో ఇయ్యాల చెప్పండి. ఏ పార్టీయో అడగం, పదవేందో చెప్పండి చాలు."

అందరూ ముందుకు జరిగారు. ఏడుకొండలు చెవి ఒగ్గాడు.

"పదవేం లేదండీ," అన్నాడు గోపీనాథ్. "నేను రేపు ఆరింటి బస్సుకు వెళ్ళిపోతున్నాను. కలకత్తాలో పెద్ద క్యాంపు. మంచి అవకాశం."

ముందుగా ఏడుకొండలు చప్పట్లు కొట్టాడు. "మంచి ఛాన్సు సార్. శుభం." మిగతావాళ్ళూ కొట్టారు. చాంద్ బాషా తల వంచుకుని కొట్టాడు. ధరణి మాత్రం కొట్టలేదు. బయల్దేరిన మనిషిని వెనక్కి పిలవకూడదని ఈ వైపు పట్టింపు. పిలిస్తే వెళ్ళినచోట కలిసిరాదంటారు. ఆ సంగతి గోపీనాథ్‌కు తెలియదు. ఒక్కరన్నా ఉండండి అంటారేమోనని అన్ని మొహాలూ చూశాడు. ఎవరూ అనలేదు. మైకు ఇచ్చేసి వేదిక దిగబోయాడు.

అప్పుడు గుంట మాట్లాడింది.

మాటలు వచ్చే వేళ కాదది. సన్నటి గొంతు, పిలుపు కంటే తక్కువ, నిట్టూర్పు కంటే ఎక్కువ. నీళ్ళ అడుగు నుంచి రాయి రాయీ తాకుతూ పైకి వచ్చింది.

"అమ్మా... ఊరు కొత్త. పెద్ద ఆశలేం లేవే నాకు. ఎవరన్నా ఒక్క పూట అన్నానికి పిలిస్తే చాలు. వాళ్ళ ఇంట్లో, చాప మీద, నలుగురి మధ్యన కూర్చుని. అంతే."

ఆ తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు. అంతటితో గుంట ఊరుకుంది.

అందరికంటే ముందు ఆ గొంతును గుర్తుపట్టింది గోపీనాథే. ఆరు శాలువాల్లో ఎటు తల దాచుకోవాలో తెలియలేదు.

"ఎవరిదే ఆ గొంతు?" అంది శాంతమ్మ, ఆడవాళ్ళ మధ్య నుంచి.

"ఇంకెవరిది వదినా," అంది కోటమ్మ. "కోచ్ గారిదే. వచ్చిన మొదటి రోజు సందేళ ఇదిగో ఈ బండ మీదే కూర్చుని ఉన్నాడు. నేను టీ ఇయ్యబోతే కళ్ళు తుడుచుకున్నాడు."

వీరయ్య కుర్చీలో కూలబడ్డాడు. పెద్ద మనిషి, నలుగురు కలెక్టర్లతో వాదించిన మనిషి, నేల చూపులు చూస్తున్నాడు. చివరికి చాంద్ బాషాయే నోరు విప్పాడు.

"సార్, మీరు రాకముందు మాకు కబడ్డీ జట్టుండేది. ఆ మాస్టారు ఒకరింట్లో భోంచేశాడని రెండో వర్గమోళ్ళు పిల్లల్ని మాన్పించారు. జట్టు రెండు చెక్కలైంది. అందుకని మీరొచ్చిన రోజు కల్లంలో అందరం ఒట్టేసుకున్నాం. మిమ్మల్ని ఎవురూ అన్నానికి పిలవకూడదని. మంచినీళ్ళు, టీ. అంతకుమించి ఇస్తే జట్టు నిలవదని."

"ఆరేళ్ళు!" అన్నాడు గోపీనాథ్. "నాకొక్క మాట చెబితే ఏమైందండీ?"

"చెబితే మా సంగతి తెలిసి వెళ్ళిపోతారని భయపడ్డా," అన్నాడు వీరయ్య. "ఆ ఒట్టు పెట్టింది నేనే."

"మీ వర్గాలు తగలెయ్య," శాంతమ్మ లేచి నిలబడింది. "నా గడపలో మిట్టమధ్యాహ్నం మనిషి ఆకలితో నిలబడితే చెంబుడు నీళ్ళు పోసి పంపించా. నీ ఒట్టు కోసం. ఆ రోజు నాకు ముద్ద దిగలా. నా వొంటింట్లో నేనే దొంగనయ్యా." అని భర్త వైపు తిరిగి, "ఏమయ్యా, తీసేస్తావా, నన్ను తియ్యమంటావా?"

"తీసేశా," అన్నాడు వీరయ్య. "కోచ్ గారూ, పదండి. మా ఇంటికి అన్నానికి."

"అదెట్టా?" ఏడుకొండలు అడ్డం వచ్చాడు. "ఒట్టు ఇద్దరిదీ. తీసిందాంట్లో సగం మాది. ముందు మా ఇంటికి."

"పెద్దోణ్ణి నేను!"

"పెద్దోడివి కాబట్టే ఆగు బాబాయ్!"

క్షణంలో ఒడ్డంతా రెండు ముక్కలైంది. వంకాయ కూర ఒకవైపు, కోడికూర ఒకవైపు. ఆదివారం గెలుపు మీద కూడా ఇంత వాదన జరగలేదు. మొదటిసారి ఆ వాదన గోపీనాథ్ ఎదురుగా, అతని రెండు చేతులూ రెండు వైపులా లాగుతూ జరిగింది. ధరణి గుంపులో దూరి అతని జేబులోంచి మ్యాచ్‌ల టాస్ బిళ్ళ లాగింది. "మీరే వెయ్యండి సార్. మీ మాట ఇద్దరూ వింటారు."

గోపీనాథ్ వేశాడు. "బొమ్మ!" అని అరిచాడు వీరయ్య. బొమ్మే పడింది. రాత్రి భోజనం వీరయ్య ఇంట్లో, రేపు మధ్యాహ్నం ఏడుకొండలు ఇంట్లో, రాత్రికి చాంద్ బాషా ఇంట్లో. అక్కడి నుంచి ఒక గడప అటు, ఒక గడప ఇటు అని కోటమ్మ తీర్పు చెప్పింది. అయినా వాదన ఆగలేదు. శాంతమ్మ ఇంటికి పోయి, వండి, చీకటి పడేవేళకు మళ్ళీ గుంట ఒడ్డుకు వచ్చి కేక పెట్టేదాకా సాగింది.

మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి గోపీనాథ్ లేచి కిటికీ తెరిచాడు. టీ పెట్టుకోలేదు, రాత్రి తిన్నది ఇంకా కడుపులో బరువుగా ఉంది. సర్దిన సూట్‌కేసు తలుపు పక్కనే ఉంది. గుంట నిన్నటి గోలనంతా పైకి తోస్తోంది. బాబాయ్, పెద్దోణ్ణి, వంకాయ, బొమ్మ. అన్నిటికీ చివర శాంతమ్మ గొంతు, పొలిమేర దాకా వినపడేట్టు:

"ఏమయ్యా కోచ్, అన్నం చల్లారిపోతంది, రా!"

రోడ్డు మీద ఆరింటి బస్సు వచ్చి ఆగింది. డ్రైవరుకు ఎవరో చెప్పినట్టున్నారు, రెండుసార్లు హారన్ కొట్టి చూశాడు. గోపీనాథ్ గదిలోంచి బయటికి వచ్చి, గుంట ఒడ్డుకు నడిచి, ఆ పాత బండ మీద కూర్చున్నాడు. బస్సు కాసేపు ఆగి వెళ్ళిపోయింది.

"వస్తన్నానమ్మా," అన్నాడు గుంటలోకి వంగి. నిన్న రాత్రే తిని వచ్చిన అన్నం పిలుపుకు ఇప్పుడు జవాబు. ఎంత సన్నగా అన్నాడంటే పక్కన ఉన్న కొంగకు కూడా వినపడి ఉండదు. మాట నీళ్ళ దాకా దిగి, ఇంకా అడుక్కు పోయింది.

అది తిరిగి రావడానికి ఆరేళ్ళు పట్టవచ్చు, పదకొండేళ్ళూ పట్టవచ్చు. వచ్చే పూటకు వినడానికి ఒడ్డున మనిషంటూ ఉండాలి కదా. గోపీనాథ్ లేచి, విజిల్ మెడలో వేసుకుని, పిల్లలు వచ్చేలోపు గ్రౌండ్‌కు గీతలు వేయడానికి బయల్దేరాడు.