గోడ చెంతనున్న కడపటి వరుస

ఆషాఢమాస ప్రథమ వర్షధారాధౌతములై నిగనిగలాడు టేకుటాకుల మీదుగా మంచు పొగవలె ప్రాకుచుండ కొండవాగులు రేయింబవళ్లు ఒక్కటే హోరు పెట్టుచుండ పట్టపగలే దీపము ముట్టింపవలసినంతటి మబ్బు మన్యమునెల్ల కప్పియుండ ఆ కొండకొమ్మున సర్కారు అధికారుల విడిదికై క్రొత్తగా కట్టబడిన బంగళాలోని విశాలమగు చావడియందు ఒక వడ్రంగి గోడ వైపు మొగము పెట్టుకొని ఒంటరిగా కూర్చుండి యుండెను. వాని వెనుక ముప్పది మూరల పొడవున చిత్రికపట్టిన టేకుపలకల నేల తేనెరంగున మెఱయుచుండెను. వాని ముందు ఆ నేలకును గోడకును నడుమ మూడు పలకల మేర దూలములు బయల్పడి నల్లని గుంట యుండెను. రెండు దినములుగా ఆ గుంటను మూయు దారి అతనికి దొరకలేదు.

అతని పేరు పాపయాచారి. వయస్సు ఏబదియెనిమిది. గోదావరి కిరుగట్టులను కొయ్యనేల పఱచుటలో అతనికి సాటివాడు లేడని లోకులనుచుండిరి. లోకుల మాట యటుండ అతడే ఆ మాటను అందఱికంటె గట్టిగా నమ్మినవాడు. పలకకొక అంచున నాలుకయు మఱియొక అంచున గాడియు తీర్చి ఒకదాని నాలుకను వేఱొకదాని గాడిలో దూర్చి నాలుక మొదట ఏటవాలుగా మేకు దిగగొట్టినచో నేల మీద ఒక్క మేకుతలయు కానరాకుండ పలకలన్నియు ఒక్క మ్రానివలె అతుకుకొనును. నడిచావడిలో ఇది చేయి తిరిగిన వానికి ఆటవంటిది. గోడ దగ్గఱకు వచ్చుసరికి మాత్రము సుత్తి ఆడుటకు చోటు చాలదు. అచ్చట పలకకు పైనుండియే బరమాతో రంధ్రము త్రవ్వి మేకు నిలువున దింపవలెను. దింపునంతసేపు రెండవ వ్యక్తి యొకరు గోడకు వీపానించి ఆ పలక మీదనే నిలిచి దాని వెనుక అంచున గునపము మోపి ముందటి పలకలోనికి బిగియునట్లు నెట్టుచుండవలెను. నెట్టువాడు కొట్టలేడు, కొట్టువాడు నెట్టలేడు. కాపురమువలె ఇదియు ఇద్దఱి పని.

ముప్పదియొక్క సంవత్సరములు ఆ రెండవ వ్యక్తి అతని భార్య సూరమాంబ. పాపయాచారి ఏయూరి పనికి పోయినను కడపటి వరుసలనాటికి ఆమె బండి కట్టించుకొని వచ్చెడిది. కాళ్లు కడుగుకొని చెంగు బిగించి గోడకు జేరబడి గునపము పట్టెడిది. అతడామె పాదముల చెంత గొంతుకూర్చుండి మేకులు కొట్టెడివాడు. ఆమె మట్టెలు పలక మీద టకటకలాడినంతనే పట్టు సడలుచున్నదని గ్రహించి ఆగెడివాడు. వారికి మాటలతో పని యుండెడిది కాదు. ఒక్కొక్కప్పుడు ఆమె తనలో తాను నవ్వుకొనుట మాత్రము ఎందులకో అతనికి తెలిసెడిది కాదు.

అంతియ కాదు. పెండ్లియైన క్రొత్తలో పాపయాచారి పడుచుదనపు గర్వముచే ఒక వర్తకుని మేడలో గోడకు వెండ్రుకైన దూరని విధముగా నేల పఱచి మీసము దువ్వుకొనెను. శ్రావణము వచ్చెను. తేమ త్రాగిన పలకలు పెరుగుటకు దారి లేక నూనెలో వేసిన అప్పడమువలె నడిమికి ఉబ్బి లేచెను. ఊరెల్ల నవ్వుచుండగా సూరమాంబ మాత్రము నవ్వక తన బొటనవ్రేలిని గోడకును పలకకును నడుమ నుంచి “ఈ మాత్రం సందు వదిలితే దాని మానాన అది ఊపిరి తీసుకుంటుంది గదా” అనెను. నాటినుండి అతని కొలబద్ద ఆమె బొటనవ్రేలే. ఆ సందును తుదకు గోడ మొదట బిగించు సన్నని కొయ్యబద్ద, గోడపట్టీ, కప్పివేయును గనుక చూచువారికి తెలియదు.

ఏడాదిన్నర క్రిందట సూరమాంబ మూడుదినముల జ్వరముతో పోయెను. కాటినుండి తిరిగివచ్చుచు పాపయాచారి ఆమె నిలిచిన చోట మఱియొకరి పాదము నిలువనీయనని ఒట్టు పెట్టుకొనెను. ఆ మీదట చేపట్టిన తొలి నేల యిదియే. ఆమె వ్రేలి మందమునకు సరిగా చెక్కిన టేకుమేకు నొకదానిని సంచిలో వేసికొని ఏదో విధమున ఒంటరిగనే పూర్తిచేయుదునని కొండ నెక్కెను. దుఃఖమునకు ఉపాయము తోచదని పాపము అతనికి అప్పుడు తెలియదు.

ఈ రెండు దినములలో అతడు చేయని యత్నము లేదు. గోడకును పలకకును నడుమ చీలికలు దిగగొట్టగా పచ్చిసున్నము పెళ్లలై రాలెను. త్రాడు కట్టి లాగగా పలక ఒకవైపు బిగిసి మఱియొకవైపు నోరు తెఱచెను. ఇంతలో ముసురు ముదిరెను. గాడిలో చేరని నాలుకలు తేమకు ఉబ్బుట మొదలిడెను. ఇంకొక దినము గడచినచో అవి గాడులలో దూరనే దూరవు. ఆ ఉదయమే పనులు చూచు ఓవర్సీరు గుమ్మమున గొడుగు ముడిచి “ఆచారీ, రేపు పొద్దున్నకి ఈ గుంట మూతపడకపోతే కాకినాడ నుంచి వేరేవాణ్ణి పిలిపిస్తాను. తప్పుగా అనుకోవద్దు” అని చెప్పి పోయెను. తన నేలపై పరాయివాని మేకు పడునను తలంపు పాపయాచారికి కంటిలో నలుసయ్యెను.

మధ్యాహ్నము దాటినంతట అతడు చివరి యత్నముగా తానే లేచి గోడకు వీపానించి గునపము పట్టి నిలిచెను. పలక చక్కగా బిగిసెను. కాని సుత్తి వానికి అందని దూరమున పడియుండెను. అందినను వంగినచో గునపము సడలును. నిస్పృహతో తలయెత్తెను.

అప్పుడతనికి చావడి యంతయు కనబడెను. కిటికీలలోనుండి వచ్చు వానవెలుగున తేనెరంగు నేల ఆ మూలనుండి ఈ మూల వఱకు ఒక్క మ్రానివలె పఱచుకొని యుండెను. ఇన్నేండ్లలో ఏ నేలనైనను తాను ఈ వైపునుండి చూచి యెఱుగడు. పని ముగియువేళ తనకెప్పుడును గోడయు ఆమె పాదములును మాత్రమే కనబడెడివి. పూర్తియగుచున్న నేలను మొదట చూచినది ప్రతిసారియు సూరమాంబయే. అది ఎట్లున్నదని అతడొక్కనాడును అడుగలేదు. ఆమెయు చెప్పలేదు. ముప్పదియొక్క సంవత్సరముల పిమ్మట ఆ అడుగని మాట ఒక్కసారిగా గుర్తునకు రాగా ఆ వృద్ధుడు గునపము పట్టుకొనియే వెక్కి వెక్కి యేడ్చెను.

వసారాలో కావలివాడు పండన్న గోనె కప్పుకొని చుట్ట కాల్చుచుండెను. ఆలుబిడ్డలు లేని ముదుసలి. కన్నులు తుడుచుకొని గుమ్మము దగ్గఱకు వచ్చిన వడ్రంగిని చూచి లేచి నిలువబడెను. నలువది దినములుగా వాని చేతి గంజినీరు త్రాగుచు పాపయాచారి వానితో పట్టుమని పది మాటలాడలేదు. గడప దాటరాదని చెప్పినది మాత్రము తొలినాడే.

“పండన్నా, కాళ్లు కడుక్కుని లోపలికి రా.”

“నన్ను తొక్కొద్దన్నారు గదండీ.”

“అన్నాను. ఇప్పుడు రమ్మంటన్నాను.”

పండన్న పాదములు రెండు పర్యాయములు కడిగి కప్పుకొన్న గోనెతోనే తుడుచుకొని అద్దము మీద నడచువానివలె వచ్చి చూపిన చోట నిలిచెను. పాపయాచారి ఆ నల్లని పగుళ్ల పాదములను కొంతసేపు చూచెను. అవి ఆమెవి కావు. ఐనను పలక బిగిసినది. అతడు గొంతుకూర్చుండి బరమా త్రిప్పి తొలి మేకు దింపెను. ఒట్టు తెగిన చప్పుడును మేకు దిగిన చప్పుడును ఒక్కటిగనే వినబడెను.

రెండు వరుసలు ముగిసి మూడవ దానికి వచ్చినప్పుడు అతడు తల యెత్తకయే అడిగెను.

“అక్కణ్ణుంచి ఏం కనపడతందిరా?”

పండన్న చావడిని కలయజూచి “నేలండి. సేనా బాగుందండి. మద్దిలో తమరి బట్టతల కూడా నిగనిగలాడిపోతందండి” అనెను.

పాపయాచారి నవ్వెను. ఆ నవ్వు అతనికే క్రొత్తగా వినబడెను. సూరమాంబయు ఇన్నేండ్లు తనలో తాను నవ్వుకొనినది ఇందులకే కాబోలునని తలచుచు మఱల సుత్తి నెత్తెను.

కడపటి మేకు దిగెను. మేకుతలలను రంపపుపొట్టుతోను మైనముతోను పూడ్చి గోడపట్టీ అందుకొనబోవుచు అతడు నిలిచిపోయెను. సందులో కొలతకై యుంచిన ఆమె వ్రేలి మందపు టేకుమేకుండెను. దానిని అచ్చటనే విడిచి పట్టీ బిగించినచో ఎవ్వరికిని తెలియదు. బంగళా యున్నంతకాలము ఆమె గుర్తు ఆ గోడ చెంత నుండును. పట్టీ చేత పట్టుకొని అతడు చాలసేపు కూర్చుండెను. వెలుపల వాన కురియుచునే యుండెను. శ్రావణము రావలసియున్నది, పలకలు పెరుగవలసియున్నది.

తుదకతడు వంగి ఆ టేకుమేకును మెల్లగా పైకి తీసి కన్నుల కద్దుకొని సంచిలో వేసికొనెను. బొటనవ్రేలి మేర సందు గోడ పొడవున వట్టిదై చీకటిగా మిగిలెను. నేలను నిలుపునది మేకులే యని లోకులనుకొందురు. ఖాళీగా నుండవలసిన చోటును ఖాళీగా నుంచుటయు పనివాని పనియే. పాపయాచారి ఆ చీకటి మీద పట్టీ పెట్టి మేకు కొట్టి “పండన్నా, ఒక చుట్ట ఉంటే ఇయ్యి” అనుచు వసారాలోనికి నడచెను.