మిగిలిన జీతం

కాదమ్మా, బ్యాంకు దగ్గర్నుంచి మొదలుపెట్టకు. అది కొట్టేసి పొద్దున్నుంచి రాయి. మా చెల్లెలు బ్యాంకులో అన్నది రెండు మాటలే, కానీ ఆ మాటలు బ్యాంకులో పుట్టినవి కావు. మా బావ కనిపించిన వాడికల్లా నేనే దానికి నూరిపోశానని చెబుతున్నాడట. అక్షరాలు కూడబలుక్కుని చదివేవాణ్ణి, నేనేం నూరిపోస్తాను? చెప్పింది చెప్పినట్టు రాస్తూ పో, మనవరాలా. మధ్యలో ఆగితే మర్చిపోయాననుకోకు, నా మాటే అంత నిదానం. ఇదంతా మర్నాడు మన వంటింట్లో పీట వేసుకుని కూర్చుని అది నాకు చెప్పిందే.

బ్యాంకుకి వెళ్ళిన ఆ రోజు కూడా దానికి చీకటుండగానే మెలకువ వచ్చేసింది. ఆసుపత్రి లాండ్రీలో మొదటి షిఫ్టుకి అలవాటు పడ్డ ఒళ్ళు అది. రిటైరై నెల దాటింది, ఆలస్యమైతే జీతం కోసేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు, అయినా కళ్ళు ఆ వేళకే తెరుచుకుంటున్నాయి. ఇంకాసేపు పడుకుందామనుకుంది. ఆ అనుకోవడం మంచం మీదే ఉండిపోయింది, మనిషి మాత్రం వంటింట్లో ఉంది. సింకు నిండా రాత్రి గిన్నెలు. కొడుకు ఆలస్యంగా వచ్చి తిన్న కంచం మెతుకులతో సహా ఎండిపోయి ఉంది. నెల కిందటి దాకా ఈ గిన్నెలు పనమ్మాయి తోమేది. రిటైరైన సాయంత్రం, తోటివాళ్ళు కొనిచ్చిన గోడ గడియారం చంకలో పెట్టుకుని మా చెల్లెలు ఇంటికి వస్తే, మా బావ గుమ్మంలోనే చల్లటి కబురు చెప్పాడు: "పనమ్మాయిని రేపట్నుంచి రావద్దన్నాను. ఇంక నువ్వు ఇంట్లోనేగా."

కొడుకు కూడా సంతోషించాడు. "హాయిగా రెస్టు తీసుకోమ్మా. అన్నట్టు నా చొక్కాలు బయట ఇస్త్రీకి ఇవ్వడం దండగ కదా ఇంక?"

ఆ గడియారం ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. మేకు కొట్టే తీరిక ఆ ఇంట్లో ఎవరికీ దొరకలేదు.

గిన్నెలు తోముతూ ఆమె ఆయన రిటైరైన రోజులు గుర్తు చేసుకుంది. మా బావ ఓ గోదాములో సరుకు లెక్క చూసే గుమస్తాగా చేశాడు. పెన్షన్ లేని ఉద్యోగం. ఆయన ఇంటికి వచ్చేసినప్పుడు ఇంట్లో అందరూ అడుగులు మెత్తగా వేశారు. అత్తగారు అప్పటికి బతికే ఉంది. "నా కొడుక్కి ఇన్నాళ్ళకి విశ్రాంతి దొరికింది. చిన్నా చితకా పనులకి వాణ్ణి లేపకు" అని కోడలికి ఆజ్ఞ వేసింది. కోడలు అప్పుడు రెండో షిఫ్టు చేసి వచ్చి చెప్పులు విప్పుతోంది. సరే అత్తయ్యా అంది. ఆయన రిటైరైతే కుర్చీ దొరికింది, నేను రిటైరైతే చీపురు దొరికింది అని ఇప్పుడు అనుకుంటే నవ్వొచ్చింది. నవ్వితే పక్కగదిలోంచి "ఏమే, ఒక్కదానివే ఏంటా నవ్వు?" అంటాడని ఆపుకుంది.

మా బావకి ఓ అలవాటుంది. పొద్దున్నే కుర్చీలో కూర్చుని వేళ్ళ కణుపుల మీద ఇంటి ఖర్చు లెక్కపెడతాడు, పైకి, అందరికీ వినబడేలా. గోదాములో బస్తాలు లెక్కపెట్టిన వేళ్ళు, ఊరుకోవు.

"పనమ్మాయి జీతం మిగిలింది. నీ బస్సు ఛార్జీలు మిగిలాయి. ఇస్త్రీ మిగిలింది. చూశావా, నెల తిరిగేసరికి ఎంత మిగిలిందో!"

కణుపు కణుపుకీ ఆయన మొహం విప్పారుతోంది. ఎవరికి మిగిలిందండీ, అని అడగాలనిపించింది మా చెల్లెలికి. అడగలేదు. అదే గిన్నె, అదే సబ్బు, అదే నీళ్ళు. ఆ అమ్మాయి తోమితే జీతం. నేను తోమితే మిగులు. మరి ఇన్నేళ్ళుగా, షిఫ్టుకి ముందు కొంతా షిఫ్టయ్యాక కొంతా నేను వండిందీ ఉతికిందీ, మంచాన పడ్డ అత్తగారికి చేసిందీ, అదంతా ఎక్కడ మిగిలింది? ఎవరి జేబులో ఉంది? ఆ అమ్మాయిని రావద్దన్నప్పుడు కనీసం చేసిన పనికి డబ్బిచ్చి పంపారు. నన్ను రావద్దనేవాళ్ళు లేరు కాబట్టి ఇచ్చేవాళ్ళూ లేరా? ఇలా అనుకుంటూ ఆమె ఒకే గిన్నెని తోముతూనే ఉందట.

"నీళ్ళు పోతున్నాయే! బిల్లు ఎవరు కడతారు?" అన్నాడు మా బావ.

నీళ్ళు ఆపేసింది. అప్పుడు అడిగింది, అడగాలనుకున్నది కాదు, ఇంకోటి. "మేస్త్రి సాయంత్రం కచ్చితంగా వస్తానన్నాడా?"

"ఆరింటికి. అడ్వాన్సు చేతిలో పెట్టాలి. మధ్యాహ్నం బ్యాంకుకి పోయి నీ సంతకం ఒకటి పడేస్తే అయిపోయె."

సంగతేంటంటే, రిటైరైనందుకు ఆమెకి వచ్చిన డబ్బంతా ఆమె ఖాతాలో పడింది. ఆ ఉద్యోగానికీ నెలనెలా పెన్షన్ లేదు. ఒక్కసారి వచ్చిందే డబ్బు, మళ్ళీ రాదు. దాన్ని మొత్తం మా బావ ఖాతాకి మార్చి, ఇంటి మీద పై వాటా వేయాలని తండ్రీకొడుకులు తీర్మానించుకున్నారు. ఇల్లు మా బావ పేరున ఉంది. అప్పు తీర్చింది మా చెల్లెలి జీతం. ఆ జీతం తీసే బ్యాంకు కార్డు కూడా మొదటి నుంచీ ఆయన జేబులోనే. "నువ్వు పోగొట్టుకుంటావు" అన్నాడప్పుడెప్పుడో. మొన్న మోకాళ్ళకి మాత్రలు కొనుక్కోవాలంటే ఆయనే నోటు తీసిచ్చి, తిరిగొచ్చాక చెయ్యి చాపాడు: "చిల్లరేది?"

"మరి డబ్బంతా గోడలకి పెడితే, మనకి నెల ఎలా గడుస్తుందండీ?" అంది.

"అద్దె వస్తుందిగా."

"పై వాటాలో అబ్బాయి ఉంటాడన్నారుగా. వాడు అద్దె ఇస్తాడా?"

మా బావ కణుపుల మీద వేలు ఆపేశాడు. "కన్నకొడుకు దగ్గర అద్దె అడుగుతావా? తల్లివేనా నువ్వు?"

కొడుకు ఫోను చూసుకుంటూ, "అమ్మకి డబ్బు సంగతులు టెన్షన్ నాన్నా, తనని వదిలెయ్యి" అన్నాడు, ప్రేమగానే.

ఆమె దుప్పట్లు ఉతకడానికి పోయింది. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ ఉతికి డాబా మీద ఆరేసింది. మెట్లు ఎక్కేటప్పుడు ఒక మోకాలు, దిగేటప్పుడు రెండోది నొప్పి పెడుతుందట. "వంతులేసుకున్నాయి అన్నా" అంది నాతో.

ఇక్కడ ఆ లాండ్రీ సంగతి ఒకటి చెప్పాలి, రాసుకో. ఆసుపత్రి దుప్పటి పొడుగెక్కువ, ఒక్కరు మడవలేరు. మడిస్తే నేల తాకుతుంది, నేల తాకితే మళ్ళీ ఉతకాలి. అందుకని అక్కడ ఓ పద్ధతి ఉండేది. ఎవరైనా ఒక చివర పట్టుకుని "అంచు!" అని కేక వేస్తే, దగ్గర్లో ఎవరుంటే వాళ్ళు చేతిలో పని వదిలేసి రెండో చివర పట్టుకోవాల్సిందే. నీకూ నాకూ పోట్లాటైనా సరే, నువ్వు నిన్న చేరినా సరే. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్ద డాక్టరు పక్కనే నిలబడి ఉంటే మా చెల్లెలు చూసుకోకుండా కేకేసిందట. ఆయన చేతిలో కాగితాలు చంకలో ఇరికించుకుని అంచు పట్టుకున్నాడు. ఇద్దరూ ఎదురెదురుగా నడిచి, చేతులు కలిపి, మడత పెట్టారు. ఆ తర్వాత ఆవిడకి తోటివాళ్ళ నుంచి నాలుగు రోజులు ఒకటే ఎగతాళి, "పెద్దక్కా, ఈసారి మంత్రిగారికి అంచివ్వు" అని.

మధ్యాహ్నం కాకముందే మబ్బు కమ్మింది. ఆమె పరుగులాంటి నడకతో డాబా ఎక్కేసరికి తండ్రీకొడుకులు అక్కడే ఉన్నారు. రాబోయే గదుల్ని అడుగులతో కొలుచుకుంటున్నారు. చినుకు పడింది. ఆమె పెద్ద దుప్పటి దండెం మీంచి లాగింది. గాలికి అది తెరచాపలా లేచింది. ఒక చివర పట్టుకుని, ఏం అంటున్నానో తెలియకుండానే, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ కేక వేసింది.

"అంచు!"

మా బావ ఆమెకి ఎదురుగానే ఉన్నాడు. దుప్పటి రెండో చివర ఆయన భుజానికి తగులుతోంది. ఆయన తల వంచి, దాని కిందనుంచి దూరి, అవతలికి నడిచాడు.

"అడ్డం తియ్యవే, కొలత తప్పిపోతోంది!"

కొడుకు నవ్వాడు. "అమ్మ ఇంకా డ్యూటీలోనే ఉంది నాన్నా."

దుప్పటి చివర కింద పడింది, దుమ్ములో, చినుకుల్లో.

కోపం వచ్చిందా అని అడిగాను నేను. రాలేదంది. ఒంట్లోంచి ఏదో జారిపోయి చాలా తేలికైనట్టూ, ఆ తేలిక భయం పుట్టించినట్టూ అయిందంది. అక్కడ పరాయి మనుషులు అంచు పట్టుకున్నారు. పట్టుకోవాలని చదువుకున్నవాళ్ళకీ తెలిసింది, చదువుకోనివాళ్ళకీ తెలిసింది. నా మనిషి కిందనుంచి దూరి పోయాడు. అసలు ఆయన కంటికి అది దుప్పటి కాదు, అడ్డం. నేనూ అంతేనేమో. ఆ గదుల్ని కొలుస్తుంటే మధ్యలో నిలబడ్డ అడ్డాన్ని.

"ఇది అబ్బాయి గది, ఇది హాలు, ఇక్కడ వంటిల్లు" అంటూ మా బావ కాలితో గీతలు గీస్తున్నాడు.

"మరి బట్టలెక్కడ ఆరేయాలి?" అంది ఆమె.

"కిందెక్కడో ఓ మూల ఆరేసుకో. అదీ నేనే చెప్పాలా?"

ఆమె దుప్పటి గడ్డం కింద అదిమిపట్టి, ఒక్కతే మడిచింది. వంకరగా వచ్చింది.

ఇప్పుడు రాయి బ్యాంకు సంగతి.

కాగితం మా బావే నింపాడు. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో ఇంటూ గుర్తు కూడా వేసి తెచ్చాడు. వరసలో నిలబడి ముందుకు జరుగుతూ ఆమె ఆలోచిస్తూనే ఉందట. సంతకం పెడితే ఏమవుతుందో తెలుసు, ఏమీ అవదు. సాయంత్రం మేస్త్రి వస్తాడు, రేపట్నుంచి కూలీలందరికీ టీ పెట్టాలి. పెట్టకపోతే ఏమవుతుందో తెలియదు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన మాటకి కాదు అన్నది లేదు. ఆ మాట నోట్లోంచి ఎలా వస్తుందో, ఏ గొంతుతో వస్తుందో కూడా తెలియదు.

కౌంటర్లో ఉన్నది ఓ చిన్నవయసు అమ్మాయి. కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. "మొత్తం సారు ఖాతాకేనా అమ్మా?"

"అవునమ్మా, ఇద్దరిదీ ఒకటే ఇల్లు, ఒకటే జేబు" అన్నాడు మా బావ నవ్వుతూ.

"నేను అమ్మగారిని అడిగాను సార్."

వెనకాల వరసలో ఎవరో దగ్గారు. మా బావ పెన్ను ఆమె చేతిలో పెట్టి, ఇంటూ గుర్తు మీద వేలు ఆనించాడు. ఆ వేలు అక్కడే ఉంది. ఆమె దాన్ని చూసింది. గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి, చర్మం మెత్తగా ఉంది. ఆరేళ్ళుగా విశ్రాంతి తీసుకున్న వేలు. తన చేతులు చూసుకుంది. సబ్బు నీళ్ళకి పగిలిపోయి ఉన్నాయి.

పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"ఎవరి ఖాతాకీ వద్దమ్మా. నెలనెలా వడ్డీ నా చేతికి వచ్చేలా నా పేరునే డిపాజిట్ వేయి. పాత కార్డు ఆపేసి, కొత్తది నాకివ్వు."

మా బావ మొహంలో రంగు మారింది. గొంతు తగ్గించి, "ఏమే, మతి పోయిందా? పద, ఇంటికి పోయి మాట్లాడుకుందాం" అన్నాడు.

"ఇంట్లో నాకు మాట్లాడే తీరిక ఉండదండీ" అంది మా చెల్లెలు. "ఇక్కడే మాట్లాడండి. కూర్చోడానికి కుర్చీ కూడా ఉంది."

ఆ అమ్మాయి తలెత్తకుండా కొత్త కాగితం తీసింది.

దారంతా ఆయన ముందు, ఆమె వెనక. ఇంట్లో అడుగు పెట్టగానే కొడుకు అడిగాడు: "మామయ్య చెప్పాడా నీకు ఇవన్నీ?" చూశావా, అక్కడ పుట్టింది నా మీద నింద. ఆమె బుర్రలో ఇంత ఆలోచన ఉంటుందని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు, కాబట్టి ఎవరో పెట్టి ఉండాలి.

ఆరింటికి మేస్త్రి వచ్చాడు, చేతిలో కొలత టేపు. "అయ్యగారూ, అడ్వాన్సు ఇస్తే రేపు ఇసుక తోలిస్తాను."

మా బావ కుర్చీలోంచి లేవలేదు. "నన్నడుగుతావేం? ఆవిడనడుగు. ఇప్పుడీ ఇంట్లో డబ్బు మనిషి ఆవిడ."

ఆమె కుంగిపోయి, నలుగురి ముందు లొంగుతుందని ఆయన లెక్క. ఆమె కొంగుకి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. మేస్త్రి ఆమె వైపు చూశాడు. ఆమె మెల్లగానే చెప్పింది.

"ఈ ఇల్లు నా పేరున లేదు మేస్త్రీ. ఎవరి పేరున ఉందో వాళ్ళే కట్టించుకుంటారు. డబ్బులు వాళ్ళనే అడుగు."

మేస్త్రి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, టేపు చుట్టుకున్నాడు.

అంతే అమ్మా, అయిపోయింది. ఇందులో నా మాట ఒక్కటీ కలపలేదు. ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒకటుంది. ఈ కాగితాలు పట్టుకెళ్ళి మా బావకి చదివి వినిపించు. కళ్ళజోడు లేదంటాడు, చదివేది నువ్వేగా, చెవులుంటే చాలు. మా చెల్లెల్ని కూడా పిలిచి పక్కన కూర్చోబెడతానంటాడేమో, వద్దను. ఆవిడకి ఇదంతా ఎప్పట్నుంచో తెలుసు. ఆయనే ఇంతవరకూ వినలేదు.